ఋతుస్రావ పరిశుభ్రత సాధనాలు: సురక్షిత వినియోగం

నెలసరి సమయంలో వెలువడే రక్తాన్ని పీల్చుకోవడానికి లేదా పట్టి ఉంచడానికి వాడే వస్తువులను ఋతుస్రావ పరిశుభ్రత సాధనాలు అంటారు. ముట్టుగుడ్డ, ప్యాడ్ (శానిటరీ నాప్‌కిన్), టాంపాన్, మెన్‌స్ట్రువల్ కప్పు, పీరియడ్ ప్యాంటీ వీటిలో ముఖ్యమైనవి. జననాంగాలను కడుక్కోవడానికి అమ్మే ద్రవాలు, స్ప్రేలు, పౌడర్లు, తడి కాగితాలను కూడా దుకాణాల్లో ఇదే వరుసలో ఉంచుతారు. వాటి ప్రయోజనం వేరు, వైద్యపరమైన అవసరం దాదాపు లేదు. అందువల్ల ఈ వ్యాసంలో వాటికి ప్రత్యేక విభాగం ఉంది.

శారీరక నేపథ్యం

పెద్దవారిలో ఋతుచక్రం సాధారణంగా 21 నుంచి 35 రోజులు ఉంటుంది. స్రావం 2 నుంచి 7 రోజులు సాగుతుంది. ఒక నెలసరిలో పోయే రక్తం సగటున 30–40 మిల్లీలీటర్లు. అది 80 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావంగా పరిగణిస్తారు. ఇంట్లో ఎవరూ రక్తాన్ని కొలవలేరు కాబట్టి వైద్యులు వేరే గుర్తులు అడుగుతారు. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా కొన్ని గంటలపాటు తడిసిపోవడం, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం, రాత్రి ప్యాడ్ మార్చడానికే నిద్ర లేవాల్సి రావడం ఆ గుర్తుల్లో కొన్ని.

యోనిలో సహజంగా ఆమ్ల వాతావరణం ఉంటుంది. ప్రసవ వయసులోని ఆరోగ్యవంతుల్లో దాని పిహెచ్ 3.8–4.5 మధ్య ఉంటుంది. లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా తయారుచేసే లాక్టిక్ ఆమ్లమే దీనికి కారణం. ఈ ఆమ్లత్వం హానికర సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. రక్తం పిహెచ్ 7.4 దగ్గర ఉంటుంది కాబట్టి స్రావం ఉన్న రోజుల్లో ఈ రక్షణ కొంత తగ్గుతుంది. బయటి చర్మం కూడా గంటల తరబడి తడిగా, వెచ్చగా ఉంటుంది. ఏ సాధనం వాడినా ఎంతసేపటికి మారుస్తున్నారన్నది ముఖ్యం కావడానికి మూలం ఇదే.

చరిత్ర

పరిశ్రమ ఉత్పత్తులు రాకముందు ప్రపంచమంతటా పాత బట్ట, దూది, ఉన్ని వంటివే ఆధారం. తెలుగు ప్రాంతాల్లో పాత నూలు చీరల ముక్కలను మడతపెట్టి, నడుముకు కట్టిన తాడుకో బొందుకో గోచీలా బిగించుకునేవారు. ఉతికి మళ్లీ వాడటం, నాలుగైదు నెలల తరువాత పారేయడం వాడుక.

అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ 1890ల చివర్లో ‘లిస్టర్స్ టవల్స్’ పేరుతో వాడి పారేసే ప్యాడ్లను అమ్మకానికి తెచ్చింది. బహిరంగంగా ప్రకటించుకోలేని కాలం కావడంతో అవి నిలదొక్కుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాల కట్ల కోసం చెక్క గుజ్జుతో ‘సెల్యుకాటన్’ అనే పదార్థాన్ని తయారుచేశారు. పత్తి కంటే ఎక్కువ ద్రవాన్ని పీల్చుకునే ఈ పదార్థాన్ని యుద్ధభూమిలోని నర్సులు నెలసరికి కూడా వాడుకున్నారు. యుద్ధం ముగిశాక కింబర్లీ–క్లార్క్ సంస్థ 1920లో దానితోనే ‘కోటెక్స్’ ప్యాడ్లను తెచ్చింది. అడగడానికి సిగ్గుపడే కొనుగోలుదారుల కోసం దుకాణాల్లో బల్ల మీద డబ్బు పెట్టె ఉంచేవారు. మాటామంతీ లేకుండా డబ్బు అందులో వేసి పొట్లం తీసుకెళ్లేవారు.

డెన్వర్‌కు చెందిన వైద్యుడు ఎర్ల్ హాస్‌కు అట్టగొట్టంతో లోపలికి చొప్పించే టాంపాన్ మీద 1933లో పేటెంట్ లభించింది. ‘టాంపాక్స్’ దాని నుంచే వచ్చింది. నటి, రచయిత్రి లియోనా చామర్స్ 1937లో రబ్బరు కప్పుకు పేటెంట్ పొందారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రబ్బరు కొరత ఆ కప్పును దెబ్బతీసింది. ప్యాడ్‌ను కదలకుండా పట్టి ఉంచే బెల్టుకు ఆఫ్రికన్ అమెరికన్ ఆవిష్కర్త మేరీ బియాట్రిస్ డేవిడ్‌సన్ కెన్నర్ 1956లో పేటెంట్ పొందారు. ఆసక్తి చూపిన ఒక కంపెనీ ఆమె నల్లజాతి మహిళ అని తెలిశాక వెనక్కి తగ్గింది. 1960ల చివర్లో వెనుక జిగురు ఉన్న ప్యాడ్లు రావడంతో బెల్టుల అవసరం క్రమంగా పోయింది.

భారతదేశంలో ధర పెద్ద అడ్డంకిగా ఉండేది. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగానందం 2000 దశకంలో తక్కువ ఖర్చుతో ప్యాడ్లు తయారుచేసే చిన్న యంత్రాన్ని రూపొందించి స్వయం సహాయక సంఘాల మహిళలకు అందించారు. ఆయనకు 2016లో పద్మశ్రీ లభించింది.

రకాలు, పనితీరు, వాడే విధానం

వాడి పారేసే ప్యాడ్: ఇందులో పొరలు ఉంటాయి. చర్మానికి తగిలే పై పొర సన్నని రంధ్రాలున్న పాలీప్రొపిలీన్ లేదా పాలీఎథిలీన్ పొర, కొన్నిటిలో నూలు పొర. దాని కింద ద్రవాన్ని పరిచే పొర, ఆ తరువాత చెక్క గుజ్జుతో చేసిన పీల్చే పొర ఉంటాయి. పల్చటి ప్యాడ్లలో ఈ గుజ్జుకు సోడియం పాలీఅక్రిలేట్ గుళికలు కలుపుతారు. ఇవి ద్రవాన్ని పీల్చుకుని జెల్లుగా మారతాయి. అడుగున నీరు దిగని ప్లాస్టిక్ పొర, జిగురు పట్టీ ఉంటాయి. సాధారణంగా 4–6 గంటలకు ఒకసారి, స్రావం ఎక్కువగా ఉంటే అంతకంటే ముందే మార్చాలి. జెల్లు కారణంగా పై పొర పొడిగా అనిపిస్తుంది కాబట్టి ప్యాడ్ ఇంకా పనికొస్తుందనుకుని ఉదయం పెట్టుకున్నదాన్ని సాయంత్రం దాకా ఉంచేస్తారు. పొడిగా అనిపించినా మార్చాల్సిన గంటలు మారవు. స్రావం తక్కువగా ఉన్న రోజున కూడా అదే లెక్క.

ముట్టుగుడ్డ, ఉతికి వాడే ప్యాడ్: నూలు గుడ్డ ద్రవాన్ని బాగా పీల్చుకుంటుంది, గాలి ఆడనిస్తుంది. పాలిస్టర్, నైలాన్ కలిసిన గుడ్డలు అందుకు పనికిరావు. గుడ్డ వల్ల జబ్బులు వస్తాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. ప్రమాదం గుడ్డలో కన్నా దాన్ని ఉతికే, ఆరబెట్టే తీరులో ఎక్కువగా ఉంది. మగవాళ్ల కంటపడకూడదని గుడ్డలను మరో బట్ట కిందో, మంచం కిందో, చీకటి గదిలోని దండెం మీదో ఆరేసే అలవాటు ఇంకా ఉంది. సగం ఆరిన గుడ్డలో ఫంగస్, బ్యాక్టీరియా మిగిలిపోతాయి. ఒడిశాలోని ఆసుపత్రులకు వచ్చిన మహిళలపై జరిపి 2015, 2018లలో ప్రచురించిన రెండు అధ్యయనాల్లో గుడ్డ వంటి మళ్లీ వాడే సాధనాలు వాడినవారిలో జననాంగ ఇన్ఫెక్షన్ల లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. రెండో అధ్యయనం గుడ్డలను ఇంటి లోపల, దాచి ఆరబెట్టడానికీ కాండిడా ఇన్ఫెక్షన్‌కూ ఉన్న సంబంధాన్ని కూడా గుర్తించింది.

అందువల్ల గుడ్డను ముందు చల్లటి నీళ్లలో జాడించాలి. వేడినీళ్లు పోస్తే మరక బిగుస్తుంది. తరువాత సబ్బుతో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, ఎండలో ఆరేయాలి. ఎండకు ఆరేసే చోటు లేకపోతే, వానాకాలంలో అయితే, ఇస్త్రీ చేసి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరినవాటిని పొడి సంచిలో భద్రపరచాలి. గుడ్డ బిరుసెక్కితే, రంగు మారితే, వాసన వదలకపోతే కొత్తది తీసుకోవాలి. ఒకరి గుడ్డ ఇంకొకరు వాడకూడదు, తోబుట్టువులైనా సరే. మార్చే వ్యవధి 4–6 గంటలే.

టాంపాన్: పత్తి, రేయాన్ నారలను గట్టిగా నొక్కి చేసిన చిన్న కడ్డీ. యోనిలో పెట్టుకుంటారు, బయట దారం వేలాడుతుంది. తెలుగు ప్రాంతాల్లో వాడకం తక్కువ, విదేశాల్లో చదువుకునే, పనిచేసే తెలుగు మహిళలకు ఎక్కువ పరిచయం. పీల్చే సామర్థ్యాన్ని గ్రాముల్లో సూచిస్తారు: 6 గ్రాముల వరకు ‘లైట్’, 6–9 ‘రెగ్యులర్’, 9–12 ‘సూపర్’, 12–15 ‘సూపర్ ప్లస్’, 15–18 ‘అల్ట్రా’. స్రావానికి సరిపడే అతి తక్కువ సామర్థ్యం ఉన్నదాన్నే ఎంచుకోవాలి. 4–8 గంటలకు మార్చాలి, 8 గంటలు దాటకూడదు. నెలసరి రాకముందే ముందుజాగ్రత్తగా పెట్టుకోవడం, మామూలు తెల్లబట్టకు వాడటం, ఒకటి తీయడం మరిచిపోయి ఇంకొకటి పెట్టుకోవడం ప్రమాదకరం (చూ. టాక్సిక్ షాక్ సిండ్రోమ్).

మెన్‌స్ట్రువల్ కప్పు: వైద్య ప్రమాణాలున్న సిలికోన్ లేదా థెర్మోప్లాస్టిక్‌తో చేసిన గంట ఆకారపు గిన్నె. రక్తాన్ని పీల్చదు, పట్టి ఉంచుతుంది. మడిచి లోపలికి పెడితే విచ్చుకుని గోడలకు ఆనుకుంటుంది. తీసేటప్పుడు కాడ పట్టి లాగకూడదు. కప్పు అడుగును వేళ్లతో నొక్కి గాలి బిగుతు వదలించాకే బయటికి తీయాలి. ప్రతి నెలసరికి ముందు, తరువాత 5–10 నిమిషాలు నీళ్లలో మరగబెట్టాలి. ఈ పనికి ఒక గిన్నెను విడిగా ఉంచుకుంటే మంచిది. తయారీదారులు 8–12 గంటల వరకు ఉంచవచ్చంటారు. ఫ్రాన్స్ ఆహార, పర్యావరణ, వృత్తి ఆరోగ్య భద్రతా సంస్థ మాత్రం టాంపాన్లకు, కప్పులకు 6 గంటల పరిమితిని సూచించింది. 2019లో ‘లాన్సెట్ పబ్లిక్ హెల్త్’ పత్రిక 43 అధ్యయనాలను, 3,319 మంది అనుభవాలను పరిశీలించిన సమీక్షను ప్రచురించింది. కప్పు లీకేజీ విషయంలో ప్యాడ్లు, టాంపాన్లతో సమానమో మెరుగో అని, తగిన సూచనలతో వాడితే సురక్షితమని తేల్చింది. అలవాటు పడటానికి రెండు మూడు నెలసరులు పట్టవచ్చు. కేరళలోని అలప్పుళ పురపాలక సంఘం ‘తింకళ్’ కార్యక్రమం కింద 2019లో ఐదువేల కప్పులు పంచింది.

పీరియడ్ ప్యాంటీ: లోపలి భాగంలో పీల్చే పొరలు కుట్టిన లోదుస్తు. స్రావం తక్కువగా ఉన్న రోజులకు లేదా మరో సాధనానికి తోడుగా అనువైనది. ఉతికే, ఆరబెట్టే నియమాలు గుడ్డవే.

ఏ సాధనానికైనా మార్చే ముందు, మార్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ముందు కడుక్కోవడాన్ని చాలామంది విస్మరిస్తారు. టాంపాన్, కప్పు విషయంలో అదే కీలకం. కడుక్కునేటప్పుడు, తుడుచుకునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కి కదలాలి. మలద్వారం దగ్గరి బ్యాక్టీరియా మూత్రమార్గంలోకి చేరకుండా ఇది ఆపుతుంది. టాంపాన్, కప్పు వాడితే కన్యాత్వం పోతుందన్న భయానికి శాస్త్రీయ ఆధారం లేదు. యోనిముఖం దగ్గరి హైమన్ పొర ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉంటుంది, సాగుతుంది, ఆటల్లో కూడా చీలవచ్చు.

టాక్సిక్ షాక్ సిండ్రోమ్

అరుదైనా ప్రాణాంతకమైన వ్యాధి. స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా విడుదల చేసే విషపదార్థం రక్తంలో కలవడంతో వస్తుంది. డెన్వర్ వైద్యుడు జేమ్స్ టాడ్ బృందం 1978లో పిల్లల్లో దీన్ని గుర్తించి పేరు పెట్టింది. 1980లో అమెరికాలో బహిష్టు మహిళల్లో ఒక్కసారిగా పెరిగింది. ఆ ఏడాది బహిష్టుతో ముడిపడిన కేసులు 800 దాటాయి, 38 మంది చనిపోయారు. ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ ‘రిలై’ టాంపాన్‌ను 1980 సెప్టెంబర్‌లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. పాలిస్టర్ నురుగు, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌తో చేసిన ఈ టాంపాన్ చాలా ఎక్కువ ద్రవాన్ని పట్టి ఉంచేది, కాబట్టి ఎక్కువసేపు లోపలే ఉండేది. టాంపాన్ నారల మధ్య చేరే గాలిలోని ఆక్సిజన్, రక్తం వల్ల తగ్గిన ఆమ్లత్వం ఆ విషం తయారీకి అనుకూలిస్తాయి. అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ తరువాత పీల్చే సామర్థ్యాన్ని ఒకే కొలమానంలో పెట్టె మీద ముద్రించడం తప్పనిసరి చేసింది. పైన చెప్పిన గ్రాముల వర్గీకరణ దాని ఫలితమే.

వయోజనుల్లో చాలామందికి ఈ విషాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉంటాయి. కౌమారంలో ఇంకా ఏర్పడనివారు ఎక్కువ కాబట్టి వారికే ముప్పు అధికం. ఉన్నట్టుండి 38.9 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండకు కమిలినట్టు ఎర్రటి దద్దుర్లు, కళ్లు తిరగడం, రక్తపోటు పడిపోవడం లక్షణాలు. ఒకటి రెండు వారాల తరువాత అరచేతులు, అరికాళ్ల చర్మం పొట్టు లేస్తుంది. లక్షణాలు కనిపించగానే టాంపాన్ లేదా కప్పును తీసేసి అత్యవసర చికిత్సకు వెళ్లాలి, వాడిన సాధనం ఏదో వైద్యులకు చెప్పాలి. కప్పుతోనూ కొద్దిపాటి కేసులు నమోదయ్యాయి. ఈ వ్యాధి గాయాలు, శస్త్రచికిత్సల తరువాత కూడా వస్తుంది.

ఇతర సమస్యలు

తడి ప్యాడ్ రాపిడికి తొడల మధ్య చర్మం ఒరుసుకుపోవడం, దురద, మంట అన్నిటికంటే సాధారణం. సువాసన కలిపిన ప్యాడ్లు, జిగురు పడకపోవడం కూడా అందుకు కారణం కావచ్చు. కాండిడా ఇన్ఫెక్షన్‌లో తీవ్రమైన దురద, పెరుగు విరిగినట్టుండే తెల్లబట్ట ఉంటాయి. బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లో పల్చటి బూడిదరంగు స్రావం, చేప వాసన ఉంటాయి. మూత్రంలో మంట మూత్రమార్గ ఇన్ఫెక్షన్‌ను సూచిస్తుంది. మరుగుదొడ్డి లేని బడుల్లో, పొలాల్లో నీళ్లు తాగడం మానేసి మూత్రం ఆపుకునే ఆడపిల్లలకు ఈ చివరిది ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది. అది ప్యాడ్ మార్చినంత మాత్రాన తీరేది కాదు. ముట్టుగుడ్డ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమన్న ప్రచారమూ ఉంది. ఆ క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాల్లో మూలం హ్యూమన్ పాపిల్లోమా వైరస్. నివారణ టీకాతో, పరీక్షలతో జరుగుతుంది.

రసాయనాల గురించి ఆందోళన పెరుగుతోంది. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ 2022లో భారత మార్కెట్‌లోని పది ప్యాడ్లను పరీక్షించి థాలేట్లు, ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలు ఉన్నట్టు ప్రకటించింది. 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ పరిశోధకులు టాంపాన్లలో సీసం సహా లోహాలు కనుగొన్నారు. వస్తువులో ఉన్నది శరీరంలోకి ఎంత చేరుతుందన్నది వేరే ప్రశ్న. వాడేవారు సువాసనలు లేనివాటిని, అందులో ఏముందో స్పష్టంగా ముద్రించినవాటిని ఎంచుకోవడం ప్రస్తుతానికి సహేతుకం.

కడుగుడు ద్రవాలు, స్ప్రేలు, పౌడర్లు

యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది. బయటి భాగానికి మామూలు నీళ్లు చాలు. యోని లోపలికి నీళ్లు లేదా ద్రావణాలు చిమ్మి కడగడం లాక్టోబాసిల్లస్‌ను కడిగేస్తుంది. ఈ అలవాటుకు బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌తో, కటి భాగపు ఇన్ఫెక్షన్లతో సంబంధం ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి. వాసనను కప్పిపుచ్చే స్ప్రేలు అసలు వ్యాధిని కూడా కప్పిపుచ్చుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్క్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది. జననాంగాల దగ్గర టాల్కం పౌడర్ వాడకపోవడం మంచిది.

ప్రత్యేక పరిస్థితులు

ప్రసవం, గర్భస్రావం తరువాత గర్భాశయం మానే దశలో ఉంటుంది. అప్పుడు ప్యాడ్లు లేదా శుభ్రమైన గుడ్డలే వాడాలి. ప్రసవానంతర పరీక్షలో వైద్యులు సరేననే వరకు, సాధారణంగా ఆరు వారాలు, లోపల పెట్టేవి వద్దు. కాపర్ టీ ఉన్నవారు కప్పు వాడాలనుకుంటే ముందు వైద్యులతో మాట్లాడాలి. కప్పు తీసేటప్పుడు కాపర్ టీ జారిన సందర్భాలు నమోదయ్యాయి. మునుపు టాక్సిక్ షాక్ వచ్చినవారు టాంపాన్లకు, కప్పులకు దూరంగా ఉండాలి. మధుమేహం ఉన్నవారికి ఫంగస్ ఇన్ఫెక్షన్ త్వరగా సోకుతుంది. మానసిక ఎదుగుదల లోపం ఉన్న బాలికలకు ప్యాడ్ మార్చడం బొమ్మలతో, అదే క్రమంలో, నెలసరి మొదలవకముందు నుంచే నేర్పితే తేలికగా పట్టుబడుతుంది.

ప్రమాణాలు, లభ్యత

వాడి పారేసే ప్యాడ్లకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ప్రమాణం ఐఎస్ 5405. ద్రవాన్ని పీల్చే సామర్థ్యం, పిహెచ్, సూక్ష్మజీవుల పరీక్ష వంటివి 2019 నాటి సవరణలో ఉన్నాయి. ఉతికి వాడే ప్యాడ్లకు, పీరియడ్ ప్యాంటీలకు 2021లో ఐఎస్ 17514 వచ్చింది. కొనేటప్పుడు ప్రమాణ చిహ్నం, తయారీ తేదీ, చిరగని పొట్లం చూడాలి. ఇంట్లో ప్యాడ్లను స్నానాల గది చెమ్మలో కాకుండా పొడి చోట ఉంచాలి.

ప్యాడ్ల మీద 2017లో విధించిన 12 శాతం జీఎస్టీని నిరసనల తరువాత 2018 జూలైలో ఎత్తేశారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2011లో గ్రామీణ కౌమార బాలికల కోసం ప్రారంభించిన పథకంలో ఆశా కార్యకర్తలు ఆరు ప్యాడ్ల పొట్లాన్ని 6 రూపాయలకు అందించారు. జన ఔషధి కేంద్రాల్లో ‘సువిధ’ ప్యాడ్ ధరను 2019లో ఒక రూపాయికి తగ్గించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబర్‌లో ‘స్వేచ్ఛ’ పేరుతో ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7 నుంచి 12వ తరగతి బాలికలకు నెలకు పది ప్యాడ్ల చొప్పున ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది.

15–24 ఏళ్ల మహిళల్లో పరిశుభ్రమైన పద్ధతి వాడేవారు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో 58 శాతం, 2019–21 నాటి ఐదో విడతలో 78 శాతం. తెలుగు రాష్ట్రాలు రెండూ ఈ సగటు కంటే పైనే ఉన్నాయి. ఈ అంకెను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సర్వే లెక్కలో ప్యాడ్, స్థానికంగా తయారైన నాప్‌కిన్, టాంపాన్, కప్పు ‘పరిశుభ్ర పద్ధతులు’, గుడ్డ కాదు. ఎండలో ఆరేసిన గుడ్డను నాలుగు గంటలకోసారి మార్చుకునే మహిళ ఆ శాతంలో చేరదు, ఒకే ప్యాడ్‌ను రోజంతా ఉంచుకునే బాలిక చేరుతుంది. ప్యాడ్ చేతికిచ్చి, బడిలో నీళ్లు, గడియ ఉన్న మరుగుదొడ్డి, చెత్తబుట్ట ఇవ్వకపోతే అంకె పెరుగుతుంది కానీ రక్షణ పెరగదు.

పారవేత

ప్యాడ్‌ను, టాంపాన్‌ను మరుగుదొడ్డిలో వేయకూడదు. ప్యాడ్‌లోని జెల్లు నీళ్లకు ఉబ్బి గొట్టాన్ని మూసేస్తుంది. ఆ అడ్డును తీసేది చాలాసార్లు పారిశుద్ధ్య కార్మికుల చేతులే. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన ప్యాడ్లను తయారీదారు ఇచ్చిన సంచిలో లేదా తగిన కాగితంలో గట్టిగా చుట్టి పొడి చెత్తలో వేయాలని చెప్పాయి, సంచులు అందించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఆచరణలో చాలా ప్యాడ్లు నల్ల సంచుల్లో, తడి చెత్తతో కలిసి వస్తాయి. లోపల ఏముందో తెలియక కార్మికులు విప్పి చూస్తారు. పుణెలోని చెత్త సేకరణ కార్మికుల సహకార సంస్థ ‘స్వచ్ఛ్’ దీనికి తేలికైన మార్గం చూపింది: పాత వార్తాపత్రికలో చుట్టి, పైన ఎర్రటి చుక్క పెట్టడం. ఆ చుక్క చూస్తే పొట్లం విప్పాల్సిన పని ఉండదు.

పొయ్యిలో, పెరట్లో కాల్చడం వల్ల ప్లాస్టిక్ పొగ ఇంట్లోకే చేరుతుంది. బడుల్లో, హాస్టళ్లలో పెట్టే చిన్న దహన యంత్రాలు తగినంత వేడెక్కకపోతే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు వెలువడతాయి. పాడైన నూలు గుడ్డను బావికి, బోరుకు దూరంగా లోతైన గుంటలో పూడ్చవచ్చు. ప్లాస్టిక్ ఉన్న ప్యాడ్‌కు ఆ మార్గం లేదు, అది మట్టిలో కలవదు. కప్పులో పట్టిన రక్తాన్ని మరుగుదొడ్డిలో పోసి నీళ్లు కొట్టవచ్చు.